పని ఆగిన రోజుల కూలి

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్న సామెతలోని హెచ్చరిక యజమానికే అనుకొనేవాడిని. తాడేపల్లిలో ఇల్లు కట్టిన పిమ్మట నా అభిప్రాయం మారినది.

2019 వర్షాకాలంలో మా గోడలు లింటెలు మట్టానికి వచ్చేసరికి ఇసుక కరవైనది. కృష్ణ పక్కనే ఉన్నా, వరదలో ఇసుక తీసే వీలు లేదు. సెప్టెంబరులో ప్రభుత్వ విధానమూ మారినది. పని ఆగింది. మేస్త్రీ వచ్చి, “మాస్టారూ, మనుషులు చెదిరిపోకుండా పదివేలు సర్దండి. పని మొదలయ్యాక కోసుకోండి” అన్నాడు. అడ్వాన్సు ఇస్తే మనిషి మళ్ళీ కనబడడని ఎవరో చెప్పగా విని, నేను ఇవ్వలేదు.

ఇసుక దొరికేనాటికి అతడూ లేడు, అతని మనుషులూ లేరు. కొత్తవారు కూలి పెంచి అడిగారు. అద్దె ఇంట్లో మరి మూడు నెలలు గడిచాయి. పదివేలు మిగుల్చుకోబోయి అంతకు ఎన్నో రెట్లు పోగొట్టుకున్నాను. తక్కిన అధికవ్యయానికీ కారణం మేస్త్రీ కాదు. కట్టిన కిటికీని పగలగొట్టించి జరిపించినది నేనే.

కూలి గుత్త మాట్లాడేటప్పుడు ఏ దశకు ఎంత, మార్పులకు ఎంత అని కాగితం మీద వ్రాసుకుంటాము. యజమాని వైపు నుండో, సరుకు లేకనో పని ఆగితే కూలీలకు ఏమి ఇవ్వాలో కూడా వ్రాయాలని నా మనవి. అది దానం కాదు, ఇంటి ఖర్చులో భాగం.

గృహప్రవేశం నాడు మేస్త్రీకి బట్టలు పెట్టాము. పునాది వేసినవాడు మాత్రం ఆ పీట మీద లేడు.