పస్తూ పడకా పెద్ద వయసుకు మేలు కాదు

పేగు ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళను కదపకూడదని, గ్యాస్ పోయేదాకా చుక్క నీళ్ళయినా పట్టకూడదని సిద్దిపేట జిల్లా బెజ్జంకి నుంచి హైదరాబాద్ దాకా గట్టి నమ్మకం. వెంటనే లేపడం, తినిపించడం పడుచువాళ్ళకే చెల్లుతుందని కొందరు డాక్టర్లూ అంటారు. ఇది తలకిందుల వాదన. ఆపరేషన్ తర్వాత త్వరగా లేపి, తినిపించి కోలుకునేలా చేసే ఈ పద్ధతి ఈరాస్ (ERAS) పేరుతో నడుస్తోంది. దీనికి పునాది వేసినవారు డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్. 1995లో లాన్సెట్‌లో ఆయన బృందం ప్రకటించిన తొలి ఫలితాలు వయసు మళ్ళిన, ముప్పు ఎక్కువున్న రోగులవే.

తింటే కుట్లు ఊడతాయన్న భయానికి ఆధారం లేదు. నోరు కట్టేసినా లాలాజలం, జఠరరసం, పైత్యరసం లీటర్ల కొద్దీ పేగులోకి దిగుతూనే ఉంటాయి. కోసి కలిపిన పేగు అతుకు ఎలాగూ పొడిగా ఉండదు. చిన్నపేగు ఒక రోజులోనే కదలిక అందుకుంటుంది, పెద్దపేగుకు రెండు మూడు రోజులు పడుతుంది. గ్యాస్ కోసం ఆగడమంటే అన్నిటికంటే ఆలస్యంగా మేల్కొనే పేగు కోసం ఒంటినంతా పస్తు పెట్టడమే.

పస్తు ఆపరేషన్‌కు ముందే మొదలవుతుంది. రాత్రి ఏడింటికి తిన్న నాలుగు ముద్దలే ఆఖరు. పొద్దున రావలసిన వంతు మధ్యాహ్నానికి జారితే నాలుక పిడచకట్టుకుపోయి, నీరసంతో థియేటర్‌లోకి వెళ్ళాలి. పేగు మూసుకుపోయినవారికి, కడుపు మెల్లగా ఖాళీ అయ్యేవారికి తప్ప, అన్నం ఆరు గంటల ముందు, మంచినీళ్ళు, పాలు లేని టీ రెండు గంటల ముందు ఆపితే చాలు.

మంచం చేసే చెరుపు ఇంకా పెద్దది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులనే పది రోజులు మంచం మీద ఉంచి చూసిన 2007 నాటి అమెరికా అధ్యయనంలో కాళ్ళ కండ దాదాపు కిలో తరిగింది. పొలం దాకా నడిచి వెళ్ళిన మనిషి ఆస్పత్రి నుంచి వచ్చాక బాత్రూంకి ఒకరి భుజం పట్టుకోవలసి రావడానికి ఒక కారణం ఇదే. కత్తి గాటు ఒక్కటే కాదు. రక్తం గడ్డకట్టడం, నిమ్ము వేరే. మూత్రపు గొట్టం త్వరగా తీసి, మార్ఫిన్ తగ్గించి నొప్పికి వేరే మందులు ఇచ్చి, ఆపరేషన్ రోజే కుర్చీలో కూర్చోబెట్టాలి. కళ్ళద్దాలు, చెవి మిషను వెంటనే తిరిగి ఇవ్వాలి. అవి లేకపోవడం వల్ల కూడా కొందరు రాత్రిపూట తికమకపడి పొంతన లేకుండా మాట్లాడతారు.

ఒక్క అభ్యంతరంలో బలముంది: బెజ్జంకి మండలంలోని పల్లెకు తొందరగా పంపేస్తే, అతుకు లీకైనప్పుడు పెద్దాస్పత్రికి చేరేదెట్లా? నిజమే, లీకు తరచూ వారం రోజుల్లోపు బయటపడుతుంది. అందుకు ఇంటికి పంపే రోజును వెనక్కి జరపవచ్చు. నీళ్ళను, నడకను వెనక్కి జరపనక్కరలేదు. పంపేటప్పుడు జ్వరం, కడుపుబ్బరం, పెరిగే నొప్పి, వాంతి కనిపిస్తే ఆగకుండా రమ్మని ఇంట్లోవాళ్ళకు చెప్పి, ఫోన్ నంబర్ రాసి ఇవ్వాలి.