ముఖదర్శనము – నవ్య క్షణికవాద విమర్శ

గత మాఘమాసంలో ఒకనాడు అభిషేకానంతరం మండపంలో కూర్చుని ఉండగా, విదేశంలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక భక్తుని కుమారుడు వచ్చి నమస్కరించి ఇలా అన్నాడు. "గురువుగారూ, ముఖాన్ని చూడటమనేది మెదడులో క్షణక్షణం కొత్తగా పుట్టి నశించే వ్యాపారమని శాస్త్రజ్ఞులు తేల్చారు. చూసేవాడంటూ వేరే ఎవడూ లేడు. మీరు చెప్పే సాక్షి ఒక అలవాటు మాట మాత్రమే." కుర్రవాడు వినయవంతుడే, వాదమే కొంచెం దుడుకుగా ఉన్నది. వెనుక భక్తులు వేచి ఉన్నందున తీర్థప్రసాదాలిచ్చి పంపివేశాను. అయితే ఇదే మాట ఇటీవల కొందరు ఉపన్యాసకుల నోట కూడా, అదీ వేదాంతం పేరిట, వినవస్తున్నది. కనుక ఉపేక్షించరాదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

పూర్వపక్షాన్ని దుర్బలం చేసి ఖండించడం మా గురువులు నేర్పిన పద్ధతి కాదు. వారి పక్షంలో ఉన్న బలమేమిటో ముందుగా చూద్దాము. ముఖం కంటబడిన సుమారు 170 మిల్లీసెకన్లకు మెదడులో ఒక విశిష్ట విద్యుత్స్పందన కలుగుతుందని ప్రయోగసిద్ధం. 1997లో నాన్సీ కాన్‌విషర్ బృందం మెదడు అడుగుభాగాన ముఖాలకే విశేషంగా స్పందించే ప్రదేశాన్ని గుర్తించి చూపింది. ఆరు నెలల శిశువు కోతుల ముఖాలలో కూడా ఒకదానికీ మరొకదానికీ భేదం గ్రహించగలదనీ, తొమ్మిది నెలలు వచ్చేసరికి ఆ సామర్థ్యం సన్నగిల్లుతుందనీ 2002లో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది. అంటే చూసే తీరు క్షణంలోనూ మారుతున్నది, వయసుతోనూ మారుతున్నది. ఇంతవరకు మనకు వివాదం లేదు. కన్నుమూసి తెరిచేలోగా వృత్తి మారుతుందని చెప్పడానికి మనకు యంత్రం అవసరం కాలేదు, అంతే. (ఇలా అన్నానని, మన ఋషులకు ఆ మెదడు ప్రదేశం ముందే తెలుసునని ఎవరూ ప్రచారం చేయవద్దు. అది వారికి గౌరవం కాదు.)

ఇక వారికి అత్యంత ప్రియమైన ప్రయోగాన్నే తీసుకుందాము. 1998లో ఫ్రాంక్ టాంగ్, ఆయన సహచరులు చేసినది. ఒక కంటికి ముఖచిత్రం, రెండవ కంటికి ఇంటి చిత్రం ఏకకాలంలో చూపారు. చూసేవానికి రెండూ కలగలిసి కనపడవు. కొన్ని క్షణాలు ముఖం, కొన్ని క్షణాలు ఇల్లు, మరల ముఖం. ఎదుట ఉన్న చిత్రాలు మారలేదు. ఎరుక మాత్రం మారుతున్నది. ముఖం కనిపించినప్పుడు ముఖసంబంధమైన మెదడు ప్రదేశం, ఇల్లు కనిపించినప్పుడు స్థలసంబంధమైన ప్రదేశం ఉద్దీప్తమయ్యాయి. "చూశారా, ఎరుక అనేది ఈ ప్రదేశాల ఉద్దీపనమే, అది తునకలు తునకలు" అంటారు.

బాగున్నది. కాని ఆ ప్రయోగంలో ఎప్పుడు ముఖం, ఎప్పుడు ఇల్లు అన్న సంగతి పరిశోధకునికి ఎలా తెలిసింది? చూస్తున్నవాడు మీట నొక్కి చెప్పాడు గనుక. "ఇంతవరకు ముఖం, ఇప్పుడు ఇల్లు" అని సూచించినవాడు ముఖజ్ఞానమా, గృహజ్ఞానమా? ముఖజ్ఞానమంటారా, ఇల్లు వచ్చేసరికి అది నశించినది. గృహజ్ఞానమంటారా, దానికి పూర్వం ముఖమున్నదని అది ఎరుగదు. రెండింటినీ ఎరిగినవాడే మార్పును చెప్పగలడు. మార్పు తెలిసినదంటే మార్పుతోపాటు కొట్టుకుపోని ఎరుక ఒకటి ఉండవలెను. పరిశోధకుని పట్టికలో ప్రతి గీతా ఆ సాక్షి సంతకమే; పట్టికను అంగీకరించి సంతకం చేసినవాడు లేడనడం ఏ న్యాయం?

"పూర్వక్షణం తన సంస్కారాన్ని ఉత్తరక్షణానికి అప్పగించిపోతుంది, అందుచేత ఏకత్వభ్రాంతి కలుగుతుంది" అని ప్రత్యుత్తరం వస్తుంది. ఇది కొత్తది కాదు. బౌద్ధాచార్యులు వాసనాసంతానమని దీనిని ఇంతకంటె సూక్ష్మంగా చెప్పారు. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యంలో, రెండవ అధ్యాయం రెండవ పాదం 25వ సూత్రం వద్ద, దీనిని ఎదుర్కొన్నారు. సాదృశ్యం వల్ల ఒకటేనన్న భ్రమ కలుగుతున్నదంటే, ఇది దానివలె ఉన్నదని రెండింటినీ పోల్చి చూసేవాడు ఒక్కడు కావాలి. ఆ ఒక్కడు రెండు క్షణాలూ నిలిచాడంటే క్షణికవాదం అక్కడే వీగిపోయింది. ఆచార్యులవారు మరొక మెట్టు ఎక్కారు. బాహ్యవస్తువు విషయంలో "ఇది అదేనా, దానివంటిదా" అని సందేహం రావచ్చును. "నిన్న చూసినది నేనా, నావంటి మరొకడా" అని మాత్రం ఎవనికీ రాదు.

ముఖాల విషయంలో ఈ భేదం ఎంత స్పష్టమో చూడండి. 1923లో ఫ్రెంచి వైద్యుడు కాప్‌గ్రా ఒక స్త్రీని గూర్చి వ్రాశాడు. భర్త ముఖం భర్తదే అయినా, ఆమె అతడు భర్త కాడనీ, అతని రూపం ధరించి వచ్చిన మరొకడనీ నమ్మింది. రూపగ్రహణం ఉన్నది, 'ఆతడే ఈతడు' అన్న ప్రత్యభిజ్ఞ చెడినది. 1947లో జర్మను వైద్యుడు బోడామర్ దీనికి భిన్నమైన వైకల్యాన్ని వివరించాడు. తలకు గాయమైనవారు కన్నూ ముక్కూ చూడగలరు, ముఖం ఎవరిదో చెప్పలేరు. ఈ రోగులలో ఎవరైనా "ఈ చూపు ఎవరిదో నాకు తెలియడం లేదు" అన్నారా? చెడినది అంతఃకరణం. ప్రత్యభిజ్ఞ దాని ధర్మం.

మన పక్షంవారి దోషం కూడా చెప్పకపోతే ఈ వ్యాసం పక్షపాతమవుతుంది. మా ఆలయంలో అమ్మవారి ముఖం నల్లరాతిది, వెండి కన్నులు. ఉషఃకాలంలో నూనెదీపం ఒక్కటే వెలుగుతుండగా ఆ ముఖం ఒక తీరు. పసుపు పూసిన తరువాత ఒక తీరు. కర్పూరహారతి పళ్ళెం పాదాల నుండి పైకి లేచే కొద్దీ నీడలు జరిగి పెదవి కదిలినట్లే ఉంటుంది. ఇరవై ఆరు సంవత్సరాలుగా చూస్తున్నాను. దానిని ఫోనులో పట్టి "అమ్మ నవ్వింది" అని ఊరంతా పంపేవారిని చూస్తే నాకు సిగ్గుగా ఉంటుంది. మసకవెలుతురులో అద్దంలో స్వముఖాన్నే పది నిమిషాలు తదేకంగా చూసినవారికి అది వికృతంగా, అపరిచితంగా, ఒక్కొక్కసారి మరొకరి ముఖంగా కనిపించిందని ఇటలీలో జోవన్ని కాపూటో 2010లో ప్రకటించాడు. కనుక నీడ చేసిన పనిని మహిమ అనవద్దు. నవ్విందా లేదా అన్నది వృత్తి సంగతి. ఆ వృత్తి రాకపోకలను ప్రకాశింపజేస్తున్నది ఏదని విచారించడానికి ఆ హారతివేళ చాలు. ఫోను ఎత్తినవానికి ఆ విచారం కలగదు.

ఇదంతా నాకు పుస్తకచర్చ కాదు. మా అమ్మగారికి ఎనభై దాటాయి. రెండేళ్ళుగా ఆవిడ నా ముఖం గుర్తుపట్టడం లేదు. మొదట కొన్నాళ్ళు మా మేనమామ అనుకునేవారు, తరువాత "ఏమండీ పూజారిగారూ" అని పిలవసాగారు. పరామర్శకు వచ్చిన ఒక విద్యావంతుడు ఆవిడ ఎదుటనే "ఇంక అమ్మగారు లేనట్లేనండీ, శరీరమే మిగిలింది" అన్నాడు. పైన చెప్పిన వాదానికి ఇదే ఫలితార్థం. ముఖాన్ని పోల్చే వ్యాపారమే మనిషి అయితే, ఆ వ్యాపారం ఆగినప్పుడు మనిషి లేడు. లేనివారికి వేళకు అన్నం ఎందుకు, నమస్కారం ఎందుకు?

అతడు వెళ్ళిన సాయంకాలం అమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసి, "మీరెవరో నాకు తెలియడం లేదు నాయనా" అన్నారు. అజ్ఞానం సాక్షిభాస్యమని చిన్నతనంలో ఎన్నిమార్లు వల్లించానో లెక్కలేదు. తెలియకపోవడం కూడా తెలియబడుతున్నదని దాని అర్థం. నా పేరు పోయింది, రూపం పోయింది, కొడుకన్న సంబంధం పోయింది; తెలియడం లేదన్నది మాత్రం ఆవిడకు తెలుస్తూనే ఉన్నది. అది ఎవరికి తెలిసింది? ఆ పెద్దమనిషి 'లేరు' అన్నది ఎవరిని?

ఈ యుక్తి వల్ల ఆత్మ దేహానంతరం ఉంటుందని సిద్ధించిందని నేను అనడం లేదు. దానికి శ్రుతియే ప్రమాణం, ఆ చర్చ వేరు. ఇక్కడ తేలినది వృత్తిభేదం చేత సాక్షిభేదం రాదని మాత్రమే. ఆ కుర్రవాడు వేసవిలో మరల వస్తానన్నాడు. అభిషేకం వేళకు కాక మధ్యాహ్నం రమ్మని కబురు చేశాను. మీట నొక్కినది ముఖజ్ఞానమో గృహజ్ఞానమో అతడే చెప్పాలి.