గ్లాసా, గోలీయా?

హోలీ వచ్చిందంటే రాయ్‌పూర్‌లో సరదారాయుళ్లకు ఒకటే సందేహం: భంగ్ కలిపిన ఠండాయి తాగాలా, భంగ్ గోలీ వేసుకోవాలా? 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి పూతను, చరస్‌ను నిషేధించి, పూత లేని ఒట్టి ఆకును వదిలేసింది. ఆ సందులోంచే భంగ్ రాష్ట్రాల ఎక్సైజ్ శాఖల పరిధిలోకి వచ్చింది.

చట్టం ఎలా చూసినా కడుపుకు రెండూ ఒకటే. పొగలా నిమిషాల్లో తలకెక్కవు. అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. చిక్కంతా అక్కడే. ‘ఏమీ కాలేదే’ అని రెండోది పుచ్చుకుంటే రెండూ కలిసి ఒకేసారి మీద పడతాయి. కాలేయంలో మరింత ఘాటుగా మారిన మత్తు గంటల తరబడి దిగదు.

గ్లాసులో ఎంత ఆకు నూరారో తెలియదు. అయినా తాగేవాడికి అది భంగ్ అని తెలుసు. మిఠాయికి ఆ హెచ్చరికా లేదు. 2024 జనవరిలో హైదరాబాద్ శివార్లలోని కొత్తూరులో బడిపిల్లలకు అమ్ముతున్న గంజాయి చాక్లెట్లు పట్టుబడ్డాయి. అందుకే పిల్లలున్న ఇంట్లో గోలీని గడప దాటనివ్వకూడదు. గ్లాసు పట్టేవారు సగంతో ఆపి, రెండు గంటలు గడియారం చూడాలి. బండి తాళాలు మాత్రం ముందే ఇంకొకరికి ఇచ్చేయాలి.