మాధ్యమిక పాఠశాలకు ఏ గణిత పుస్తకము?

పాఠ్యపుస్తకమును ప్రభుత్వమే నిర్ణయిస్తున్నది. తల్లిదండ్రులు ఎన్నుకొనగలిగినది దాని ప్రక్కన ఉంచుకొనే రెండవ పుస్తకమును మాత్రమే. జూన్ మాసములో నరసరావుపేట, మాచర్ల, గురజాల అంగళ్లలో ఆ పుస్తకమును కొనేటప్పుడు చాలమంది చూచేది దాని లావు, వెల, లెక్కలన్నింటికీ జవాబులున్నవా అన్నది. ఈ పద్ధతితో మేము ఏకీభవించలేము.

అన్నిటికంటె ముందు చూడవలసినది భాష. ఉర్దూ మాధ్యమములో 'ముసల్లస్' అని నేర్చినదే తెలుగు బడిలో 'త్రిభుజము', ఇంటర్మీడియెట్‌లో 'ట్రయాంగిల్' అవుతున్నది. 'జావియా' కోణమై, పిదప 'యాంగిల్' అవుతున్నది. మూడు కోణముల మొత్తము ఏ భాషలోనైనా 180 డిగ్రీలే. అయినను ప్రశ్న అర్థము కాక ఆ బిడ్డ తెల్లకాగితమిచ్చి వస్తే, లెక్కలు రానివాడని ముద్ర వేస్తున్నాము. ఇది అన్యాయము. 2020–21లో మన రాష్ట్రమున ఒకటి నుండి ఆరు తరగతులకు ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా పుస్తకములు వచ్చినవి. మంచి ఆలోచనే. ఉర్దూ పిల్లలకు సైతము అటువంటి వంతెన కావలెను. కనీసము పుస్తకము చివర మూడు భాషల పదపట్టిక ఉండవలెను.

ఇది వింత కోరిక కాదు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతములో రచించిన గణిత గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉన్నత గణితమును ఉర్దూలోనే బోధించినది. 'ఆల్జీబ్రా' అన్న మాట అరబ్బీ 'అల్‌జబ్ర్' నుండి పుట్టినదే గదా!

తరువాత ఉదాహరణలు. ఎత్తులు–దూరముల పాఠములో దీపస్తంభము, ఓడ వస్తవి. పల్నాటి పిల్లలలో సముద్రము చూచినవారెందరు? మాచర్ల చెంత ఎత్తిపోతల జలపాతము సుమారు 70 అడుగులు. దాని పైఅంచు 45 డిగ్రీల ఊర్ధ్వకోణమున కనబడితే, చూచేవాని ఎత్తును విడిచిపెట్టి, ధార పడుచోటికి మనకు నడుమ దూరమెంత? 45 డిగ్రీల టాన్జెంటు 1 గనుక ఆ 70 అడుగులే. ఎకరమునకు 100 సెంట్లు, 4,840 చదరపు గజములు, సెంటునకు 48.4 గజములని రైతు బిడ్డకు దశాంశము చెప్పుట ఎంత సులువు!

ఇక జవాబులు. కొనకముందు పైథాగరస్ సిద్ధాంతమున్న పుట తెరచి చూడవలెను. ఉపపత్తి లేక, సూత్రమిచ్చి లెక్కలకు దాటిపోయిన పుస్తకమును అక్కడనే విడిచిపెట్టవచ్చును.

మన కళాశాలలోని ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలసి కూర్చుని ఆ పదపట్టికను తామే వ్రాసి, చుట్టుప్రక్కల ఉన్నత పాఠశాలలకు పంపవలెనని మా సూచన. ఎనిమిదవ తరగతి పుస్తకముతో ఆరంభించినా చాలును.