చాంతాడంత రిపేర్ల లిస్టు

ఇల్లు అమ్మకానికి పెట్టినవాళ్లకి అసలు పరీక్ష బేరం కుదిరాకే మొదలవుతుంది. కొనేవాళ్లు ఇన్‌స్పెక్టర్‌ని పంపుతారు. ఆయన నిచ్చెనేసుకుని కప్పు ఎక్కుతాడు, అటకంతా టార్చిలైటుతో గాలిస్తాడు. రెండు రోజుల్లో 40 పేజీల రిపోర్టు, దాని వెనకే ‘ఇవన్నీ చేయించి ఇవ్వండి’ అని లిస్టు. మాకు 23 రిపేర్లు వచ్చాయి.

చూడగానే మనసు చివుక్కుమంటుంది. అద్దంలా తుడుచుకున్న ఇల్లాయె, పెళ్లిచూపుల్లో మన పిల్లకి వంకలు పెట్టినట్టుంటుంది. మా వారైతే "ఒక్కటీ చెయ్యను, ఇష్టమైతే కొనుక్కోమను" అని కూర్చున్నారు. నేను ఒప్పుకోలేదు.

ఆ రిపోర్టు మన ఇల్లాలితనానికి ఇచ్చే మార్కులు కాదు. మా టెక్సాస్‌లో దానికి ప్రభుత్వం పెట్టిన ఫారం ఉంది. కొన్ని భద్రతా విషయాల్లో ఇల్లు ఎప్పుడు కట్టినా సరే, ఇప్పటి పద్ధతికి సరిపోకపోతే ‘లోపం’ గడిలో టిక్కు పెట్టాల్సిందే. మా ఇల్లు 1985 నాటిది. తడి తగిలితే దానంతటదే కరెంటు ఆపేసే ప్లగ్గులు వంటింటి సింకు దగ్గర ఉండాలని ఎలక్ట్రికల్ కోడ్‌లో వచ్చింది 1987లో. మరి మా ఇంట్లో లేకపోవడం తప్పెలా అవుతుంది? లోపం అని రాసినంత మాత్రాన ఎవరూ బాగుచేయించి తీరాలని లేదని ఆ ఫారంలోనే ఉంటుంది కూడా.

అయినా ఆ ప్లగ్గులు మార్పించాను. వాళ్లకి పాకే పిల్లాడున్నాడు. పెద్ద ఖర్చూ కాదు.

మిగతా పెద్ద పనులకి మాత్రం నా ఓటు డబ్బుకే. పని మనం చేయించకుండా, ఆ మొత్తాన్ని క్లోజింగ్ ఖర్చుల్లో తగ్గించి ఇవ్వడం మేలు. సామాన్లు సర్దుకునే హడావిడిలో ప్లంబర్‌ని పిలుస్తాం, అతను అంతంతమాత్రంగా చేసి పోతాడు, కొనేవాళ్లు మళ్లీ చూసి పెదవి విరుస్తారు. ఉండబోయేది వాళ్లు, నచ్చిన మనిషితో వాళ్లే చేయించుకుంటారు. కాకపోతే ఎంతవరకు ఇవ్వొచ్చో వాళ్లకి అప్పిచ్చే బ్యాంకు పరిమితి పెడుతుంది, అది ముందే కనుక్కోవాలి. చిల్లర పనులన్నిటికీ ‘కుదరదు’ అని మర్యాదగా రాస్తే చాలు.

ఒక్క విషయంలో మాత్రం నాకు రాజీ లేదు. పడగ్గది సీలింగు మీద నీటి మరక కనిపించింది. వానకి కప్పు కారుతోందని రిపోర్టులో తేలింది. "ఈ బేరం పోతే పోయింది, పెయింటేసెయ్, తర్వాతవాళ్లకి ఏం తెలుస్తుంది" అని ఓ స్నేహితురాలు సలహా. ఆప్షన్ గడువులో, మాకైతే అది 7 రోజులు, కొనేవాళ్లు కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు, నిజమే. కానీ ఆ రిపోర్టు మన చేతికి వచ్చాక, తెలిసిన లోపాన్ని తర్వాతవాళ్లకి రాతపూర్వకంగా చెప్పాలని ఇక్కడి చట్టం. చట్టం సంగతి అటుంచండి, వాళ్ల పిల్లాడు పడుకునే గదికి రంగేసి ఇచ్చి మనకి నిద్రెలా పడుతుంది? కప్పు పని చేసే మనిషి దగ్గర అంచనా రాయించి, ఆ మొత్తం తగ్గించాం. మా వారు రెండు రోజులు మాట్లాడలేదు. కొత్త ఇంటికి అనుకున్న సోఫా పోయిందని బాధ.

ఏడో రోజు సాయంత్రం వాళ్లు సంతకాలు పెట్టారు. ఒక్కటి మాత్రం చివరిదాకా అడిగారు, సామాన్ల గది తలుపు బిర్రుగా పడుతోంది, సరిచేయించమని. ఇక్కడిది నల్లరేగడి నేల, వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, దాంతోపాటు తలుపులూ కదులుతాయి. పునాది గురించి అనుమానముంటే ఇంజినీరుని తెచ్చి చూపించుకోమన్నాం, తెచ్చుకున్నారు, ఫరవాలేదన్నాడు. ఆ తలుపు ఇప్పటికీ బిర్రుగానే ఉండుంటుంది.