బడికి వెఱచు బిడ్డ - తన్ను తాను నిందించుకొను తల్లి

జూన్ మాసమున బడులు తెఱవగనే పెక్కు గృహములలో ప్రాతఃకాలము తల్లులకు పరీక్షాకాలమగుచున్నది. రాత్రి నవ్వుచు నిద్రించిన బిడ్డ తెల్లవారగనే కడుపునొప్పి యనును, తిన్నది వెడలగ్రక్కును, బడి బస్సు వీథిమలుపున కానవచ్చుసరికి తల్లి కొంగు పట్టుకొని విడువడు. ఆదివారమునాడు ఆ నొప్పి యుండదు. కావున ఇంటిలోనివారు దానిని దొంగనొప్పి యందురు. ఇది సరికాదు. భయము కలిగినపుడు కడుపు నిజముగనే నొచ్చును. మెదడునకును ప్రేగులకును నరములద్వారా గల సంబంధ మట్టిది.

ఈ మాసమున మేము ఆ బిడ్డను గూర్చి కంటె, గుమ్మమున నిలిచియున్న తల్లిని గూర్చియే ముఖ్యముగ వ్రాయదలచితిమి. బిడ్డ బస్సెక్కినను ఎక్కకున్నను ఆమె సంగతి విచారించువారు లేరు. "నీ గారాబమే వానిని చెఱచినది" అని అత్తగారందురు. "మొక్కై వంగనిది మానై వంగునా?" అని పొరుగామె యనును. "నాకు ఆఫీసువేళ యైనది, నీవే చూచుకొనుము" అని భర్త వెడలిపోవును. వీరందఱికంటె కఠినముగ ఆమెను దూషించునది ఆమె మనస్సే. ఉద్యోగము చేయు తల్లి, తాను ఇంట లేకపోవుటచేతనే బిడ్డ యిట్లయ్యెనని కుందును. ఇంటనుండు తల్లి, తాను ఎల్లపుడు వెన్నంటి యుండుటచేతనే యిట్లయ్యెనని కుందును. ఒకే ఫలమునకు పరస్పర విరుద్ధములగు రెండు కారణములు! ఈ నింద విచారణవలన గాక భయమువలన పుట్టినదని దీనినిబట్టియే తెలియుచున్నది.

పండితులును ఈ నిందకు దూరముగ నుండలేదు. 1941లో అమెరికాలో అడిలెయిడ్ జాన్సన్ అను వైద్యురాలును, ఆమె సహచరులును బడిభయమును గూర్చి ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించిరి. తల్లీబిడ్డలు ఒకరినొకరు విడువలేని బంధమే దీనికి మూలమని వారి యభిప్రాయము. తరువాతి పరిశోధనలవలన ఈ విషయము ఇంత సులభము కాదని తేలినది. పుట్టుకతో వచ్చు స్వభావము, తోడిపిల్లల వేధింపు, ఉపాధ్యాయుని కాఠిన్యము, చదువునందలి ఇబ్బంది, ఇంటిలో నొకరి వ్యాధి - ఇట్టివి పెక్కు కలిసి బిడ్డకు బడియనిన వెఱపు కలిగించును.

ఆత్మనిందవలన తల్లి దుఃఖించుట యొక్కటియే నష్టము కాదు. సోమవారమున సిగ్గుచే ఆమె బిడ్డను గద్దించును. మంగళవారమున ఆ గద్దించినందుకు పశ్చాత్తాపపడి ఇంటనే యుంచుకొనును. ఇంటనున్న దినమున బిడ్డకు హాయి కలుగును గాని, మఱునాడు బడి మఱింత భయంకరముగ తోచును. తప్పించుకొనినకొలది భయము పెరుగుట దాని స్వభావము. తల్లి చిత్తము నిలుకడగా లేనిచో బిడ్డకు పట్టుకొమ్మ యేది?

కావున తల్లికి మొదట కావలసినది తనయెడ తనకు దయ. అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయమున మనశ్శాస్త్రవేత్తయగు క్రిస్టిన్ నెఫ్ అను విదుషి 2003లో ఈ దయకు మూడంగములు చెప్పెను. తన్ను తాను దూషించుకొనక స్నేహితురాలితోవలె మాటలాడుకొనుట మొదటిది. ఈ కష్టము తనకొక్కతెకే రాలేదని గ్రహించుట రెండవది. ఇంటింట మట్టిపొయ్యియే యని మన పెద్దలు చెప్పునది యిదియే. బాధను దాచక, పెంచక, ఉన్నదున్నట్లు చూచుట మూడవది. ఇది సోమరితనమునకు సాకు కాదు. గాయపడిన చేతికి కట్టు కట్టుకొనినవాడే మరల పని చేయగలడు.

తల్లి తప్పు లేదనిన తల్లి చేయదగినది లేదని యర్థము కాదు. యేల్ విశ్వవిద్యాలయమువారు 2020లో ప్రకటించిన పరిశోధనలో, తీవ్రమగు వ్యాకులతగల 7 మొదలు 14 ఏండ్ల బిడ్డలు 124 మందిని రెండు భాగములు చేసిరి. ఒక భాగమున బిడ్డలకే చికిత్స చేసిరి. రెండవ భాగమున బిడ్డల జోలికి పోక, తల్లిదండ్రులకు మాత్రమే శిక్షణ నిచ్చిరి. రెండు భాగములందును బిడ్డల భయము ఇంచుమించు సమానముగ తగ్గెను. ఆ శిక్షణలో నేర్పినది రెండు సంగతులు: బిడ్డ బాధను గుర్తించుట, భయమునకు లొంగి చేయు సర్దుబాట్లను మెల్లమెల్లగ తగ్గించుట.

కావున ఉదయమున గుమ్మమువద్ద ఒక్క నిమిషము నిలిచి, నిదానముగ ఊపిరి తీసి, "ఇపుడు నాకు కష్టముగ నున్నది. ఇట్టి ఉదయము ఎందఱో తల్లులకు గలదు" అని తనలో ననుకొనవలెను. పిమ్మట బిడ్డతో, "నీకు భయముగ నున్నదని నాకు తెలియును నాయనా. ఆ భయముతోనే నీవు పోగలవు" అని చెప్పి, బేరములు పెంచక, చేయిపట్టి నడిపింపవలెను. దినమంతయు ఉండలేనిచో బడివారితో మాటలాడి మొదట రెండు గంటలైన నుంచవలెను. వారమున రెండు దినములు తండ్రియే బస్సువద్దకు తీసికొనిపోవుట న్యాయము.

ఐతే భయమునకు నిజమైన కారణ మున్నదేమో శాంతముగ కనుగొనవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము బడిలో బిడ్డలను కొట్టుటను, మానసికముగ వేధించుటను నిషేధించుచున్నది. అట్టిది జరిగినచో తల్లి సంకోచింపక ప్రధానోపాధ్యాయుని అడుగవచ్చును. కొన్ని వారములైనను భయము తగ్గనిచో వైద్యుని చూడవలెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగ ఫోను చేయవచ్చును. బిడ్డకొఱకే కాదు, తనకొఱకును తల్లి చేయవచ్చును.

కొన్ని దినములు బిడ్డ పోవును. కొన్ని దినములు పోడు. పోని దినమున తల్లి ఓడినట్లు కాదు. ఆ దినముననైనను, చల్లారిన తన కాఫీని మరల వేడిచేసికొని, కూర్చుండి త్రాగుమని మా సోదరీమణులను కోరుచున్నాము.