ప్రెస్సు పగలగొట్టించిన ప్రవక్త

మార్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌ను హతసాక్షి అనేది ఆయన అనుయాయులు మాత్రమే కాదు. కొత్త మతాన్ని ఓర్వలేని మూక ఒక ప్రవక్తను పొట్టన పెట్టుకుందని బయటివాళ్లూ తేలిగ్గా తేల్చేస్తారు. 1844 జూన్ 27న ముఖాలకు మసి పూసుకున్న గుంపు ఇల్లినాయ్‌లోని కార్తేజ్ జైలు మీద పడి, 38 ఏళ్ల స్మిత్‌నూ అన్న హైరమ్‌నూ కాల్చి చంపిన మాట నిజం. అది హత్యే, సందేహం లేదు. కానీ ఆయన ఆ జైల్లో ఎందుకున్నాడని అడిగితే ఈ కథ నోరు మెదపదు.

జూన్ 7న ఇల్లినాయ్‌లోనే మార్మన్లుండే నావూ పట్టణంలో 'నావూ ఎక్స్‌పోజిటర్' పత్రిక మొదటి సంచిక వచ్చింది. దాన్ని నడిపింది చర్చి వెలివేసిన అసమ్మతివాదులు. వాళ్లలో విలియం లా ఆ ఏడాది మొదటిదాకా చర్చి అధ్యక్ష మండలిలో స్మిత్ పక్కన కూర్చున్నవాడే. స్మిత్ మొదట బోధించిన మతం సత్యమేనని వాళ్లు ఆ సంచికలోనే రాశారు! వాళ్ల అభ్యంతరం గుట్టుగా సాగుతున్న బహుభార్యాత్వం మీద, ఒకే మనిషి గుప్పిట్లో పోగుపడిన అధికారం మీద. అప్పటికి స్మిత్ ప్రవక్త, మేయరు, పట్టణ సేనాధిపతి. పైగా అమెరికా అధ్యక్ష పదవికి అభ్యర్థి. జూన్ 10న ఆయన నాయకత్వంలోని పురపాలక మండలి పత్రికను ప్రజాకంటకమని తీర్మానించింది. ఆ సాయంత్రమే మార్షల్ మనుషులు ప్రెస్సు పగలగొట్టి, అచ్చక్షరాలు వీధిలో వెదజల్లి, ప్రతులు తగలబెట్టారు. ప్రెస్సు ధ్వంసం కేసులో స్మిత్‌కు బెయిలు దొరికింది. తర్వాతి గొడవల్లో పట్టణంలో సైనిక పాలన ప్రకటించినందుకు రాజద్రోహం కేసు మోపి జైలుకు పంపారు.

మార్మన్లు అంతకుముందు మిస్సోరిలో పడ్డ బాధలు మరిచిపోతారా అంటారు. మరవనక్కర్లేదు, 1838లో అక్కడి గవర్నరు బాగ్స్ మార్మన్లను నిర్మూలించాలి, లేదా తరిమేయాలి అని ఉత్తర్వే ఇచ్చాడు. కానీ ఆ బాధలు పడ్డ సమాజంలోంచే వచ్చినవాళ్ల నోరు నొక్కడానికి ఆ ఉత్తర్వు సాకు ఎలా అవుతుంది? అప్పటి చట్టం ఒప్పుకుందనేది మరో వాదన. దీన్ని తూచి చూసినవాడు చర్చి మనిషే: తర్వాత అపొస్తలుడైన న్యాయవాది డాలిన్ ఓక్స్. ప్రతులను నాశనం చేయడానికి అప్పటి చట్టంలో ఆధారం ఉందిగాని ప్రెస్సును ధ్వంసం చేయడానికి లేదని 1965లో ఆయన తేల్చాడు.

ఇక పత్రిక రాసింది అపనిందా? రహస్య వివాహాల సంగతి నిజమే. 1852లో, యూటాకు తరలిపోయాక, చర్చి బహుభార్యాత్వాన్ని బాహాటంగా ప్రకటించింది. స్థాపకుడికి 30 నుంచి 40 మంది భార్యలు ఉండి ఉండవచ్చని 2014లో తానే ఒప్పుకుంది. 1845లో హంతకులుగా బోనెక్కిన ఐదుగురినీ వదిలిపెట్టి ఇల్లినాయ్ జ్యూరీ న్యాయాన్ని పాతరేసింది. ఆ అన్యాయాన్ని చూపించి, ప్రెస్సు పగలగొట్టించిన మేయరును నిర్దోషిని చేయడం చరిత్ర రాయడం కాదు.